ఫోను మెమరీని గడియగడియకు ఖాళీ చేయింపనేల?

మన గ్రామములలో స్మార్టుఫోను నేడు నాగలివలెను, నీటి మోటారువలెను సేద్యపు పనిముట్లలో నొకటియైనది. పీయం కిసాన్ సొమ్ము పొందువారు ముఖము చూపి ఇ-కేవైసీ పూర్తి చేసికొను సదుపాయము 2023వ సంవత్సరము జూను నెలలో ఫోనులోనికి వచ్చినది. 2025వ సంవత్సరపు పత్తి కొనుగోళ్లకు కాటన్ కార్పొరేషన్ వారు కపాస్ కిసాన్ అను యాపునందు పేరు నమోదు చేసికొని, సరకు తెచ్చు దినమును ముందుగా నెన్నుకొను పద్ధతి నేర్పరచిరి. బ్యాంకు జమలు, ధరవరలు, వాన సూచనలు, సంఘపు సమావేశ ప్రకటనలు సయితము ఆ చేతి యంత్రముననే చూచుచున్నాము. కావున ఫోను మందగించుట యనునది వినోదమునకు కలుగు భంగము మాత్రమే కాదు. గడువు దినమున నది మొరాయించినచో నొక దినపు కూలియో, ఒక బండి సరకు అమ్ముకొను వంతో చేజారును.

ఈ మందగతికి విరుగుడుగా నొక యలవాటు సభ్యులలో వ్యాపించుచున్నది. మెమరీని తనంతట తానే శుభ్రము చేయునని చెప్పుకొను క్లీనరు యాపులను, బూస్టరు యాపులను తెచ్చి ఫోనులో పెట్టుచున్నారు. అవి అరగంట కొకసారి తెరపైకి వచ్చి, ఇంత మెమరీ విడుదల యైనదని యొక పెద్ద సంఖ్యను చూపును. చదువుకొన్న యువకులలో గొందరు మరియొక యడుగు ముందునకు వేసి, ఫోను నడుపు లినక్సునకే నేరుగా ఆజ్ఞ యిచ్చి, గంట గంటకు మెమరీలోని కాషును తుడిపించు నేర్పాటు చేసికొనుచున్నారు. ఈ రెండు పద్ధతులును మనకు పనికిరావనియు, మొదటిది హానికరము కూడ ననియు నా యభిప్రాయము. అట్లనుటకు గల కారణములను సభ్యులు సావధానముగా విని, తామే తీర్పు చెప్పవలెనని కోరుచున్నాను.

మొదట ఈ లినక్సన నేమో తెలిసికొందము. 1991వ సంవత్సరములో ఫిన్లండు దేశమున హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థియగు లైనస్ టోర్వాల్డ్స్ అనునతడు దీనిని ప్రారంభించెను. తరువాత దేశదేశముల నుండి వేలకొలది మంది పనివారు దీనిలో చేయి కలిపిరి. ఎవరైనను దీనిని చదువవచ్చును, దిద్దవచ్చును, వాడుకొనవచ్చును. ఒక విధముగా నిదియు సహకార ధర్మముపై పెరిగిన వస్తువే. మనలో నధిక సంఖ్యాకుల చేతులలోనున్న ఆండ్రాయిడు ఫోనులకు ఈ లినక్సు కెర్నెలే పునాది. కెర్నెలనగా యంత్రమునకును, మనము వాడు యాపులకును నడుమ నిలిచి, ఎవరికెంత మెమరీ యీయవలెనో, ఎవరి వంతెప్పుడో నిర్ణయించు పెత్తనదారు అని గ్రహింపవచ్చును.

ఫోనులో రెండు విధములగు తావులు కలవు. ఒకటి స్టోరేజి, ఫొటోలు, యాపులు, లెక్కలు స్థిరముగా నుండునది. రెండవది మెమరీ, అనగా ర్యాము. పని జరుగునంత సేపు సామగ్రిని చేతికందునట్లుంచునది. మన సంఘపు కచేరీతో పోల్చినచో స్టోరేజి బీరువా, మెమరీ గుమాస్తా ముందరి బల్ల. బీరువాలోని పుస్తకమును బల్ల మీదికి తెచ్చినగాని లెక్క వ్రాయుటకు వీలు లేదు. తెచ్చుటకు పట్టు కాలమో మిక్కిలి హెచ్చు. మెమరీనుండి యొక చిన్న తునుక నందుకొనుటకు ఒక సెకను పట్టుననుకొన్నచో, అదే తునుకను స్టోరేజినుండి తెచ్చుటకు పెక్కు నిమిషములు పట్టునని చెప్పదగినంత యంతరము ఆ రెంటికి నున్నది.

అందుచేత కెర్నెలు ఒకసారి స్టోరేజినుండి తెచ్చిన దానిని, పని తీరిన వెంటనే పారవేయదు. మెమరీలో తావున్నంత వరకు దానిని బల్ల మీదనే యుంచును. ఇదియే పేజీ కాషు. మెమరీని కెర్నెలు పేజీలుగా విభజించుకొనును. చాల ఫోనులలో నొక్కొక్క పేజీ 4096 బైట్ల పరిమాణము గలది. ప్రొద్దున చూచిన యాపును మధ్యాహ్నము మరల తెరచినప్పుడు అది తటాలున తెరచుకొనుటకు ఈ యేర్పాటే ముఖ్య కారణములలో నొకటి. ఒక సభ్యుని ఖాతా చూచిన పిమ్మట గుమాస్తా ఆవర్జాను వెంటనే బీరువాలో పెట్టి తాళము వేయక, తరువాతి సభ్యునకును అదే పుస్తకము కావలసివచ్చునని బల్ల మీదనే యుంచినట్లు. ఇట్టి గుమాస్తాను మనము సోమరియందుమా? పని తెలిసినవాడందుము.

ఇప్పుడు శుభ్రపరచు యంత్రము చేయు పని చూడుడు. అది యరగంట కొకసారి కచేరీలోనికి వచ్చి, బల్ల మీది పుస్తకముల నన్నిటిని తీసి బీరువాలో పడవేసి, చూడుడు, బల్ల ఎంత విశాలముగా నున్నదో యని చాటు నౌకరు వంటిది. బల్ల విశాలమైన మాట నిజమే. కాని వరుసలో నిలుచున్న సభ్యులకు కలిగిన లాభమేమి? గుమాస్తా మరల లేచి, తాళము తీసి, అవే పుస్తకములను తేవలెను. నౌకరు మరల వచ్చి సర్దును. దినమంతయు ఈ మోతయే గాని లెక్క ముందునకు సాగదు. ఫోనులోనైనను ఇంతే. తుడిచివేసిన దానిని మరల స్టోరేజినుండి చదువవలెను. ఆ చదువుటకు కాలమును, బ్యాటరీయును ఖర్చగును.

మన సభ్యులను భ్రమపెట్టునది ఆ ఖాళీ మెమరీ యను సంఖ్య. ఖాళీ హెచ్చుగా నున్నచో ఫోను ఆరోగ్యముగా నున్నదని తలచుచున్నారు. సహకార పరపతి సంఘము నడుపుకొను మనకు ఇందలి పొరపాటు సులభముగా తెలియవలసినది. సంఘమునకు లక్ష రూపాయల ధనమున్నదనుకొందము. అది యంతయు ఇనుప పెట్టెలో మూలుగుచుండుట మంచి నిర్వాహకత్వమా? కోరిన క్షణమున తిరిగి వచ్చునట్లు మదుపు చేసి, అంతవరకు దాని ఫలమును పొందుట మంచిదా? పేజీ కాషులోని మెమరీ కోరినంతనే తిరిగి వచ్చు మదుపు వంటిది. స్టోరేజిలో దాని ప్రతి యున్నది గనుక, వేరొక పనికి తావు కావలసినప్పుడు కెర్నెలు దానిని క్షణములో వదలివేయును. వట్టి ఖాళీ మెమరీ పెట్టెలో మూలుగు సొమ్ము. అది యెవ్వరికిని వడ్డీ తేదు.

ఈ భ్రమ పరదేశములందును ఎంతగా వ్యాపించెననగా, లినక్సు పనివారు తమ లెక్క పట్టికనే సవరింపవలసి వచ్చెను. పూర్వము ఆ పట్టికలో మెమ్ ఫ్రీ, అనగా వట్టిగా నున్న మెమరీ, అను పద్దును చూచి జనులు భయపడుచుండిరి. 2014వ సంవత్సరములో వెలువడిన 3.14వ కూర్పున మెమ్ అవైలబుల్ అను కొత్త పద్దును చేర్చిరి. క్రొత్త పనికి నిజముగా ఎంత మెమరీ దొరకగలదో, విడిచిపెట్ట దగిన కాషును కూడ కలుపుకొని, అది యంచనా వేసి చెప్పును. రొక్కపు నిల్వను మాత్రమే చూచి సంఘము దివాలా తీసినదనుట ఎట్టిదో, మెమ్ ఫ్రీని మాత్రమే చూచి ఫోను నిండిపోయినదనుటయు నట్టిదే.

అయినచో తావు చాలనప్పుడు ఎవరు ఖాళీ చేయుదురు? ఈ ప్రశ్నకు రైతునకు సుబోధమగు సమాధానము కలదు. మెమరీ విషయమున కెర్నెలు మూడు మట్టములను పెట్టుకొని కావలి కాయును. వీనికి దాని నిర్మాతలు వాటర్‌మార్కులు, అనగా నీటి మట్టపు గుర్తులు అనియే పేరు పెట్టినారు. ఖాళీ మెమరీ తగ్గి నడిమి గుర్తునకు దిగువకు పోయినప్పుడు, కేస్వాప్డీ అను నంతరంగ సేవకుడు మేల్కొని, చాల కాలముగా నెవరును ముట్టని పేజీలను ముందుగా వెదకి విడిపించును. ఖాళీ పై గుర్తును అందుకొన్నంతనే మరల నిద్రించును. అడుగు గుర్తు వరకు దిగజారినచో, మెమరీ యడిగిన పని తానే ఆగి ఆ పేజీలను విడిపించు పనికి పూనుకొనును. చెరువులోని మట్టపు రాయిని చూచి తూము నెత్తి దించు నీరుకట్టువాని పద్ధతి యిది. కావున తనంతట తాను కాషును విడిపించు యంత్రము లేదని దాని కొరకు వెదకుట వృథా. అది ఫోను పుట్టిన నాటినుండి దాని లోపలనే యున్నది.

తనంతట తాను జరుగు పనులను నేను నిరసించుట లేదు. నేల తడిని చూచి నీరు విడుచు యంత్రము మంచిదే. నేల తడిసియున్నను, వాన కురియుచున్నను, గడియారము చూచి గంట గంటకు మోటారు వేయు యంత్రము వలన పైరు కుళ్లును, కరెంటు దండుగ. కెర్నెలు మట్టము చూచి పనిచేయును. మనము పైనుండి తగిలించు క్లీనరు గడియారము చూచి పనిచేయును. రెంటికి నిదియే భేదము. మట్టము నెరిగిన నీరుకట్టు ఉండగా, మట్టము నెరుగని వానిని అతని మీద పెత్తనమునకు నియమించుట యుక్తమా?

ఇక యువకులు ప్రయోగించు ఆజ్ఞ సంగతి. లినక్సులో డ్రాప్ కాషెస్ అను నొక మీట కలదు. 2006వ సంవత్సరపు 2.6.16వ కూర్పునుండి యున్నది. దానిలో 1 అని వ్రాసినచో పేజీ కాషును, 2 అని వ్రాసినచో ఫైళ్ల పేర్లు, చిరునామాలు మున్నగు వాని జాబితాలను, 3 అని వ్రాసినచో రెంటిని కెర్నెలు విడిచిపెట్టును. వేళకు వేళ పని చేయించు క్రాను అను సాధనమునకు దీనిని ముడిపెట్టినచో గంట గంటకు తుడుపు జరుగును. న్యాయముగా నొక మాట చెప్పవలెను. ఈ మీట వలన వ్రాసిన లెక్క పోదు. చిట్టాలో వ్రాసి యింక ఆవర్జా కెక్కింపని పద్దువలె, మార్పు జరిగి యింక స్టోరేజికి చేరని పేజీలను అది ముట్టదు. అయినను ఆ మీటను చేసినవారే, ఇది కాషు పెరుగుదలను అదుపులో పెట్టు సాధనము కాదనియు, మెమరీ కావలసినప్పుడు కెర్నెలు తానే విడిపించుననియు, దీనిని వాడినచో పని మందగింపవచ్చుననియు, పరీక్షలకు దోషాన్వేషణకు తప్ప వాడుట తగదనియు తమ గ్రంథములో స్పష్టముగా వ్రాసియున్నారు. యాపు మొదటిసారి తెరచుటకు ఎంత కాలము పట్టునో కొలువదలచిన పనివానికి అది పనికివచ్చును. పొలము పనికి పోవు మనకు దానితో పని లేదు.

ఆండ్రాయిడు ఫోనులో ఆ మీటను త్రిప్పుటకు మరియొక చిక్కు కలదు. యజమానికి మామూలుగా లేని రూటు అధికారమును బలవంతముగా సంపాదింపవలెను. అట్లు చేసిన ఫోనులో కాపలా గోడలు సడలును. పెక్కు బ్యాంకు యాపులు అట్టి ఫోనును గుర్తించి పనిచేయ నిరాకరించును. తయారు చేసినవారి హామీయు పోవచ్చును. 2009వ సంవత్సరములో వచ్చిన నోకియా ఎన్900 వంటి లినక్సు ఫోనులలో యజమానికి ఆ యధికారము సులభముగా దొరకుచుండెను. దాని మెమరీ 256 మెగాబైట్లే గనుక తుడిచి చూడవలెనను కోరిక పుట్టుటయు సహజమే. కాని బల్ల చిన్నదైన కొలది దానిమీద నేది యుంచవలెనో, ఏది తీయవలెనో తెలిసిన గుమాస్తాయే మరింత యవసరము. అన్నిటిని ఒక్కమారుగా ఊడ్చు నౌకరు అచ్చటను శత్రువే.

రూటు అధికారము లేని సామాన్య క్లీనరు యాపులు చేయు పని యింతకన్న వింతయైనది. అవి కెర్నెలు కాషును ముట్టజాలవు. చాల కాలము అవి చేసినదేమనగా, వెనుక నిలిచియున్న యితర యాపులను మూయించుటయే. ఆండ్రాయిడు మనము విడిచిన యాపులను గూడ, మరల వచ్చినప్పుడు వెంటనే అందించుటకై, మెమరీలో నుంచును. తావు చాలనప్పుడు తక్కువ యవసరమైన వానిని తానే మూయును. క్లీనరు వీనిని ముందే మూయించి, విడుదలైన మెమరీ యని పెద్ద సంఖ్య చూపును. వానిలో గొన్ని మరుక్షణమే మరల లేచును. ఆ లేచుటకు బ్యాటరీ ఖర్చు. 2023వ సంవత్సరపు ఆండ్రాయిడు 14వ కూర్పునుండి ఒక యాపు ఆ ఆజ్ఞతో తన సొంత వెనుకటి పనులను మాత్రమే మూయగలదు గాని యితరుల వానిని మూయజాలదు. బయటి యాపు ఏదియు ఆండ్రాయిడు ఫోను మెమరీని గాని, విద్యుత్తు వాడుకను గాని, వేడిమిని గాని బాగుచేయజాలదని గూగులువారు తమ పనివారి గ్రంథములో వ్రాసిరి. అనగా కొత్త ఫోనులో ఈ యాపులు చూపు సంఖ్య ఆడంబరము మాత్రమే.

యాపుల సొంత కాషు, అనగా స్టోరేజిలో దాచుకొను తాత్కాలిక ఫైళ్లు, వేరు విషయము. బయటి యాపులు వానిని నేరుగా తుడుచు నధికారము 2015వ సంవత్సరపు ఆండ్రాయిడు 6వ కూర్పుతో పోయినది. అందుచేత కొన్ని క్లీనర్లు యాక్సెసిబిలిటీ అను ననుమతి నడుగుచున్నవి. చూపు తక్కువైనవారికి, చేతులు స్వాధీనములో లేనివారికి సాయపడుటకై యుద్దేశించిన యనుమతి యది. దానిని పొందిన యాపు తెర మీది వ్రాతను చదువగలదు. మన బదులు మీటలు నొక్కగలదు. బ్యాంకు పంపు ఓటీపీ సయితము తెర మీదనే కదా కనబడును! కొంత తాత్కాలిక చెత్త తీయుటకై ఇంటి తాళపు గుత్తిని దారిని పోవువాని చేతికిచ్చుట వివేకమా? సభ్యులు ముఖ్యముగా నాలోచింపవలసినది ఇచ్చటనే.

ఇది వట్టి యనుమానము కాదు. 2020వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో గూగులువారు, యాపును వాడని సమయమున కూడ తెరపై ప్రకటనలు క్రుమ్మరించు దుర్నయమునకు గాను, సుమారు 600 యాపులను తమ దుకాణమునుండి తొలగించిరి. అదే సంవత్సరము జూను 29వ తేదీన భారత ప్రభుత్వము సమాచార సాంకేతిక చట్టపు 69ఎ విభాగము క్రింద 59 యాపులను నిషేధించెను. ఆ పట్టికలో క్లీన్ మాస్టరు, డీయూ క్లీనరు, డీయూ బ్యాటరీ సేవరు, కాష్ క్లీనరు అనునవి యున్నవి. నిషేధమునకు చూపిన కారణము మెమరీ కాదు. దేశ రక్షణయు, ప్రజల సమాచార రక్షణయు. కాని చెత్త యూడ్చుదుమని యింటిలోనికి వచ్చినవారు ఇంకేమేమి చూచుచున్నారో విచారింపవలసిన యవసర మున్నదని యందువలన తేటపడుచున్నది.

ఇందుకు కొందరు సభ్యులు చెప్పు నాక్షేపణలు రెండు కలవు. మీట నొక్కినంతనే ఫోను చురుకుగా నుండుట కన్నులార చూచితిమందురు. పిచ్చి పట్టినట్లు తిరుగుచున్న చెడు యాపు ఒకటి ఆ సందడిలో మూతపడినచో కొంత సేపు చురుకు కనబడుట నిజమే. అట్టి సమయమున ఆ యొక్క యాపును మూయుటయో, తీసివేయుటయో సరియైన చికిత్స. ఒక యెద్దు కుంటినచో మందనంతయు సంతకు తోలము గదా! రెండవ యాక్షేపణ, మా ఫోను చౌకది, మెమరీ తక్కువ, దానిలో కెర్నెలు తెలివి చాలదనుట. మెమరీ నిజముగా చాలనప్పుడు కాషును తుడిచినను చాలదు. తుడిచినది వెంటనే మరల కావలసివచ్చును గనుక బాధ హెచ్చును. అప్పుడు యాపులను తగ్గించుకొనుటయే మార్గము. ఒక గిగాబైటు మెమరీ గల ఫోనుల కొరకు గూగులువారు 2017వ సంవత్సరములో ఆండ్రాయిడు గో అను తేలిక కూర్పును తెచ్చినప్పుడును, తేలిక యాపులను చేర్చిరి గాని గడియారపు తుడుపును చేర్చలేదు.

మరి మందగించిన ఫోనునకు చేయవలసినదేమి? తరచుగా అడ్డుపడునది మెమరీ కాదు, నిండిపోయిన స్టోరేజి. పండుగ శుభాకాంక్షల బొమ్మలు, వచ్చిన వీడియోలు వేలకొలది పేరుకొనియుండును. వానిని తీసివేసి, స్టోరేజిలో పదియవ వంతైనను వట్టిగా నుంచుకొనవలెను. మిక్కిలి నిండిన స్టోరేజిలో వ్రాత నెమ్మదించును. వాడని యాపులను తొలగింపవలెను. వారమున కొకసారి ఫోనును ఆర్పి వెలిగింపవలెను. చిక్కుపడిన పనులన్నియు దానితో తీరును. ఫోనునకు వచ్చు సవరణలను గడువు దినమునకు ముందే చేసికొనవలెను. ఒక్క యాపే మొరాయించుచున్నచో, సెట్టింగులలో ఆ యాపు పుటకు పోయి దాని కాషును మాత్రము తుడువవచ్చును. అచ్చటనే దాని ప్రక్కన డేటా తుడుపు అను వేరొక మీట యుండును. రెండును ఒకటే యనుకొని దానిని నొక్కరాదు. కాషు తుడిచినచో పోవునది తాత్కాలిక వస్తువు. డేటా తుడిచినచో యాపులో ఫోనునందు దాచుకొన్న లెక్కలు, సంభాషణలు, ప్రవేశపు గుర్తులు పోవును. ఈ రెండు మీటల భేదము నెరుగుట పది క్లీనర్లకంటె మేలు.

సంఘములకును ఇందు కొంత బాధ్యత కలదు. 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరు లెక్కలలోనికి తెచ్చుటకై 2,516 కోట్ల రూపాయల పథకమును కేంద్ర ప్రభుత్వము 2022వ సంవత్సరము జూను నెలలో నంగీకరించెను. లెక్కలు యంత్రములలోనికి పోవుచున్న కాలమున, ఆ యంత్రములను గూర్చిన మంచి చెడ్డలను సభ్యులకు తెలుపుటయు సహకార విద్యలో భాగమే. సంఘపు పనికి వాడు ఫోనులలో క్లీనరు యాపులను పెట్టరాదని పాలకవర్గము తీర్మానింపవచ్చును. వృద్ధ సభ్యుల ఫోనులలో యాక్సెసిబిలిటీ యనుమతి యే యాపున కున్నదో చదువుకొన్న యువ సభ్యులు చూచి చెప్పవచ్చును. లినక్సునకు ఆజ్ఞలిచ్చునంత నేర్పు గలవారు ఆ నేర్పును ఇట్టి పనికి వినియోగించిరేని గ్రామమున కెంతయో మేలు చేసినవారగుదురు. దీనికి ఖర్చు లేదు. సమావేశము ముగిసిన తరువాత నొక గంట కాలము చాలును.

మన పూర్వులు పొలమును కని పెట్టి చూచి నీరు పెట్టిరి గాని, పొరుగువాని కేకను విని పెట్టలేదు. ఫోను విషయముననైనను ఆ బుద్ధినే యవలంబింపవలెను. వట్టి మెమరీ సంపద కాదు. పని చేయుచున్న మెమరీయే సంపద. దానిని కాచుటకు లోపల తగిన కావలివాడున్నాడు. బయటి వానిని పిలిచి, తాళపు చెవులిచ్చి, సంఖ్యలను చూచి సంతోషించు నలవాటును మానవలెనని సభ్యులకు మనవి. తమ ఫోనులలో నట్టి యాపులున్నవారు ఈ సంచికను చదివిన దినముననే వానిని తీసివేసి, స్టోరేజిని సర్దుకొని, గడువు పనులను నిశ్చింతగా చక్కబెట్టుకొందురు గాక.